నంబర్ వన్ అయితే అన్నీ సర్దుకుంటాయా?

ప్రశ్న: మాది ఒంగోలు. మావారికి చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఉంది. మా అబ్బాయికి 22 ఏళ్లు. పన్నెండో ఏట బెంగళూరులో మా తమ్ముడి ఇంట్లో ఉంచి గోల్ఫ్ నేర్పించాము. ఏడాదిన్నర కిందట ప్రొఫెషనల్‌గా మారి, దేశంలో జరిగే టోర్నమెంట్లు ఆడుతున్నాడు. కొండపి దగ్గర మా పుట్టింటివారు పసుపు కుంకుమ కింద నాకిచ్చిన రెండెకరాలు వాడి ఆట కోసమే అమ్మేశాము. ఈ మధ్య ఎక్కువసార్లు కట్ దాటలేదు, అంటే మొదటి రెండు రోజులకే పోటీ నుంచి బయటికి వచ్చేశాడు. ఒకసారి మూడో స్థానం వచ్చింది గానీ ఫోనులో వాడి గొంతులో సంతోషమే లేదు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు రాత్రి రెండు గంటలకు చప్పుడైతే లేచి చూశాను. హాల్లో నల్ల గ్రానైట్ నేల మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి అందులోకి బంతి కొడుతున్నాడు. నిద్ర పట్టడం లేదన్నాడు. వాళ్ల నాన్న "పైకి వెళ్లేదాకా ఇంతే, నంబర్ వన్ అయితే అన్నీ సర్దుకుంటాయి" అంటారు. వాడేమో "నంబర్ వన్‌గా ఉన్న ఆయనే ఇదంతా దేనికని అడుగుతున్నాడమ్మా" అని ఒక వీడియో చూపించాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? కోట్లు సంపాదించేవాళ్లకు అంత బాధ ఏముంటుంది? వాణ్ణి ఆపమంటారా, ఆడనివ్వమంటారా?
– ఒక తల్లి, ఒంగోలు

సమాధానం: అమ్మా, ఇద్దరిలో ఎవరి మాట నిజమని అడిగారు కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. పైకి చేరితే ఒత్తిడి పోతుందన్న మీవారి నమ్మకానికి గోల్ఫ్ చరిత్రలో ఆధారం దొరకదు. ఈ విషయాన్ని మీ అబ్బాయే సరిగ్గా గ్రహించాడు. అయితే ఆ వీడియోలోని మనిషి చెప్పదలచుకున్నదీ, మీ అబ్బాయి దాని నుంచి తీసుకున్నదీ ఒకటేనా అన్నది నాకు సందేహం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది కూడా అదే.

మీరు చూసిన వీడియో 2025 జులైలో స్కాటీ షెఫ్లర్ విలేకరులతో మాట్లాడినప్పటిది అయి ఉంటుంది. ఉత్తర ఐర్లాండ్‌లోని రాయల్ పోర్ట్‌రష్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ మొదలు కావడానికి రెండు రోజుల ముందు ఆయన అలా మాట్లాడారు. అప్పటికే రెండుసార్లు మాస్టర్స్, ఆ ఏడాది మే నెలలో పీజీఏ ఛాంపియన్‌షిప్, అంతకు ముందు ఏడాది పారిస్ ఒలింపిక్స్ స్వర్ణం గెలుచుకున్న ప్రపంచ నంబర్ వన్ ఆయన. అదే మే నెలలో తాను పెరిగిన డాలస్‌లో బైరన్ నెల్సన్ టోర్నమెంటును ఎనిమిది షాట్ల తేడాతో గెలిచారు (గోల్ఫ్‌లో తక్కువ షాట్లతో ఆట ముగించినవారిదే గెలుపు). ఆ గెలుపు కోసం జీవితమంతా కష్టపడ్డాననీ, తీరా గెలిచాక ఆ ఆనందం కొద్ది నిమిషాలే నిలిచిందనీ, ఆ వెంటనే రాత్రి భోజనానికి ఏమిటన్న ఆలోచన వచ్చేసిందనీ, ఇంత తాపత్రయం దేనికని తనను తాను తరచూ ప్రశ్నించుకుంటాననీ ఆయన అన్నారు. మీ అబ్బాయి బహుశా అక్కడితో వీడియో ఆపేసి ఉంటాడు. ఆయన చెప్పినది ఇంకా ఉంది. ఆటలో తృప్తి ఉందనీ, సాధన చేయడం తనకు ఇష్టమనీ, అయితే మనసు లోతుల్లోని వెలితిని ఆ తృప్తి పూడ్చలేదనీ, మంచి భర్తగా, మంచి తండ్రిగా ఉండటమే తనకు అన్నిటికన్నా ముఖ్యమనీ, తన ఆట వల్ల ఇంటికి చేటు కలిగే రోజు వస్తే బతుకుతెరువుగా ఆడటం ఆ రోజుతోనే మానేస్తాననీ చెప్పారు. ఆ ఆదివారం అదే మైదానంలో నాలుగు షాట్ల తేడాతో ఓపెన్ గెలిచి, 31 లక్షల డాలర్ల బహుమతి అందుకున్నారు.

ఆట మీద విరక్తి పుట్టినవాడి మాటల్లాగా అవి నాకు వినిపించలేదు. గెలుపు ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వలేదో దగ్గరగా చూసినవాడు, తన బతుకు బరువునంతా దానిమీద మోపకుండా జాగ్రత్తపడుతున్నాడు. స్కోరు ఎంతైనా తలుపు తీసి లోపలికి రమ్మనే మనుషులు ఆయనకు ఉన్నారు. మీ అబ్బాయి అదే ప్రశ్నను నడిరేయి, నిద్ర రాక, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక వేసుకుంటున్నాడు. షెఫ్లర్‌కు ఊరట ఇచ్చిన ప్రశ్న మీవాణ్ణి ఇంకా కిందికి లాగుతోందేమోనని నా భయం.

అంత సంపాదించేవాళ్లకు బాధ ఏమిటన్న మీ ప్రశ్న చాలామంది అడిగేదే. దానికి జవాబు డబ్బులో వెతికితే దొరకదు, ఆ ఆట తీరులో ఉంది. క్రికెట్టులో బౌలరు బంతి వేస్తాడు, బ్యాటరు కొట్టి తీరాలి, ఆలోచించేందుకు వ్యవధే ఉండదు. గోల్ఫ్‌లో బంతి గడ్డి మీద కదలకుండా ఉంటుంది. దాన్ని ఎప్పుడు కొట్టాలో, ఎటు కొట్టాలో, ఎంత బలంగా కొట్టాలో అన్నీ ఆటగాడే నిర్ణయించుకోవాలి. ఒక రౌండుకు, అంటే 18 హోల్స్ (గుంతలు) ఆడటానికి, దాదాపు ఐదు గంటలు పడుతుంది. అందులో 70 షాట్లు కొట్టాడనుకుందాం. ఒక్కో ఊపుకు రెండు సెకన్లు వేసుకున్నా, అతను నిజంగా ఆడే సమయం రెండున్నర నిమిషాలకు మించదు. మిగిలిన కాలమంతా నడక, ఎదురుచూపు, ఇందాక పోగొట్టుకున్న షాటు గురించిన బాధ, రాబోయే షాటు గురించిన భయం. ఇలా నాలుగు రోజులు ఆడాలి. అలసిపోతే బదులుగా దిగేవాడు లేడు, చెయ్యి వణికితే ఆదుకునే జట్టు లేదు. మైదానంలో సలహా చెప్పడానికి, బ్యాగు మోసే క్యాడీ ఒక్కడికే అనుమతి.

దానికి తోడు ఈ ఆటలో తన తప్పును ఆటగాడు తానే చెప్పుకోవాలి. 1925లో యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ కొట్టబోతుండగా బంతి కొద్దిగా కదిలింది. మరెవరూ చూడకపోయినా తనకు తానే ఒక షాటు జరిమానా వేసుకున్నాడు, చివరికి సమానంగా నిలిచినవారి మధ్య జరిగే ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. 1968 మాస్టర్స్‌లో అర్జెంటీనా ఆటగాడు రొబెర్తో ది విసెంజో 17వ హోల్‌లో మూడు షాట్లే ఆడినా, ఆయన స్కోరు రాసే తోటి ఆటగాడు కార్డులో నాలుగని రాశాడు. ఆయన చూసుకోకుండా సంతకం చేయడంతో ఆ లెక్కే ఖాయమై, ప్లేఆఫ్ ఆడే అవకాశం చేజారింది. నాలుగు రోజుల శ్రమ ఒక సంతకంతో పోయింది. ఇంత అప్రమత్తతను ఏళ్ల తరబడి నిలుపుకోవడం మనిషిని లోలోపల ఎంత అలసగొడుతుందో ఊహించండి.

ఇక ఓటముల సంగతి. టైగర్ వుడ్స్ అమెరికాలోని ప్రధాన సర్క్యూట్ అయిన పీజీఏ టూర్‌లో 82 టోర్నమెంట్లు గెలిచాడు. అయినా ఆడిన ప్రతి నాలుగింటిలో ఒకటి చొప్పున కూడా గెలవలేదు. మాస్టర్స్, పీజీఏ ఛాంపియన్‌షిప్, యూఎస్ ఓపెన్, ఓపెన్ అనే నాలుగు పెద్ద టోర్నమెంట్లను మేజర్లు అంటారు. 18 మేజర్లు గెలిచిన జాక్ నిక్లాస్ మేజర్లలో రెండో స్థానంతో సరిపెట్టుకున్నది 19 సార్లు. అందరికన్నా గొప్పవాళ్ల లెక్కే ఇలా ఉన్నప్పుడు, ఈ వృత్తిలోకి వచ్చినవాడు ఎక్కువ ఆదివారాలు ఓటమితోనే ఇంటికి వెళ్లవలసి ఉంటుందని ముందే ఒప్పుకోవాలి. ఈ సంగతి మీవారికి ఎవరూ చెప్పి ఉండరు.

కట్ దాటకపోవడమంటే ఏమిటో మీకు నేను వివరంగా చెప్పనక్కర్లేదు, కొండపి ఆడపడుచు కదా మీరు. పొగాకు సీజనంతా పెట్టుబడి పెట్టి, కూలీలకిచ్చి, బ్యారన్లో ఆకు కాల్చి, బేళ్లు కట్టి వేలం ప్లాట్‌ఫారానికి తోలుకుపోతే, కొనేవాడు లేక నోబిడ్ చీటీతో ఆ బేళ్లను తిరిగి ఇంటికి తెచ్చుకునే రైతు ముఖం మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. గోల్ఫ్‌లో మొదటి రెండు రోజుల ఆట తరువాత గీత గీస్తారు. పీజీఏ టూర్‌లో మామూలుగా మొదటి 65 స్థానాలవారు, చివరి స్థానంలో సమానంగా ఉన్నవారు మిగతా రెండు రోజులు ఆడతారు. ఆ గీతకు ఒక్క షాటు అవతల ఉన్నవాడికి బహుమతి సొమ్ములో పైసా రాదు. విమానం టికెట్టు, హోటలు, క్యాడీ కూలి, ఎంట్రీ ఫీజు అన్నీ చేతి నుంచి పెట్టుకున్నవే. జీతమంటూ ఇచ్చేవాళ్లు లేరు. మన దేశపు సర్క్యూట్‌లో బహుమతులు చిన్నవి కాబట్టి మీ అబ్బాయికి ఆ రెండో రోజు సాయంత్రం ఇంకా గడ్డుగా ఉంటుంది. పుట్టింటి పొలం అమ్మిన సొమ్ముతో ఆడుతున్నానని తెలిసిన పిల్లవాడు, ఆ గీత దగ్గర నాలుగడుగుల దూరంలో ఉన్న పట్ (బంతిని గుంతలోకి దొర్లించే షాటు) కొట్టడానికి వంగినప్పుడు, ఆ రెండెకరాలు అతని కళ్ల ముందు కదలకుండా ఉంటాయా?

ఆ నాలుగడుగుల పట్ ఏం చేయగలదో చెప్పడానికి రోరీ మెకిల్‌రాయ్ కథ చాలు. 2011లో 21 ఏళ్ల వయసులో ఆయన నాలుగు షాట్ల ఆధిక్యంతో మాస్టర్స్ చివరి రోజు ఆట మొదలుపెట్టారు. పదో హోల్‌లో మొదటి షాటు ఎడమవైపు చెట్టుకు తగిలి, అతిథులు బస చేసే ఇళ్ల మధ్యకు పోయింది. ఆ రోజు స్కోరు 80. రెండు నెలలకే యూఎస్ ఓపెన్‌ను ఎనిమిది షాట్ల తేడాతో గెలిచి, 2014 నాటికి నాలుగు మేజర్లు పూర్తి చేశారు. ఆ తరువాత పదేళ్లకు పైగా ఐదో మేజర్ అందలేదు. 2024 జూన్‌లో పైన్‌హర్స్ట్‌లో యూఎస్ ఓపెన్ చివరి రోజున ఒక దశలో రెండు షాట్ల ముందంజలో ఉన్నారు. 16వ హోల్‌లో బంతి గుంతకు రెండున్నర అడుగుల దూరంలో ఉంది. ఆ సీజన్లో అప్పటిదాకా మూడడుగుల లోపు పట్ ఒక్కటి కూడా తప్పని మనిషి ఆయన. అది తప్పింది. చివరి హోల్‌లో నాలుగడుగులకు లోపే ఉన్న మరొకటి కూడా తప్పింది. బ్రైసన్ డిషాంబో ఒక్క షాటు తేడాతో కప్పు తీసుకున్నాడు. మెకిల్‌రాయ్ ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయి, కొన్ని వారాలు ఆటకు దూరంగా ఉన్నారు. రోజూ వందలసార్లు చేసే పని, ఆ ఒక్క నిమిషంలో చేతికి కొత్తదైపోయింది.

చివరికి 2025 ఏప్రిల్‌లో జస్టిన్ రోజ్ మీద ప్లేఆఫ్‌లో నెగ్గి మాస్టర్స్ గెలిచి, నాలుగు మేజర్లనూ కనీసం ఒక్కోసారి గెలిచిన ఆరో పురుష ఆటగాడయ్యారు. గుంత చుట్టూ గడ్డి నున్నగా కోసిన గ్రీన్ మీద మోకాళ్లపై కూలబడి ఏడ్చారు. జీవితకాలపు కల తీరింది కదా, ఇక నిశ్చింతే అనుకుంటాము. ఆ తరువాత వారాల్లో ఆయన ఉత్సాహం కోసం వెతుక్కున్నారు, సాధనకు మనసు రావడం లేదని బాహాటంగానే చెప్పారు. అదే ఏడు సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర యూరప్, అమెరికా జట్ల మధ్య జరిగిన రైడర్ కప్‌లో ప్రేక్షకులు ఆయన్నీ, ఆయన భార్యనీ నానా మాటలూ అన్నారు. శిఖరం మీద ఉన్నవాడికి ఇది కూడా పనిలో భాగమైపోయింది. మీవారిని ఈ కథ ఒక్కటి ఓపిగ్గా చదవమనండి.

మన దేశంలో చూస్తే అదితి అశోక్ ఉంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో తల్లి బ్యాగు మోస్తూ క్యాడీగా వెంట నడవగా, ఒక్క షాటు తేడాతో కంచు పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. దేశమంతా అభిమానంగా చూసింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చివరి రోజుకు ఏడు షాట్ల ఆధిక్యం ఉన్నా, ఆ రోజు 77 కొట్టి రజతంతో తిరిగివచ్చింది. ఆ క్రీడల గోల్ఫ్‌లో భారత మహిళకు దక్కిన మొదటి పతకం అది. అయినా చాలామంది స్వర్ణం పోగొట్టుకుందనే మాట్లాడుకున్నారు. ఎప్పుడూ గోల్ఫ్ చూడని మనం, ఆ ఒక్క ఉదయం టీవీ పెట్టుకుని, ఆ అమ్మాయి చేతుల మీద మన ఆశలన్నీ మోపాము.

పైకి చేరాక తామే ఆపినవాళ్లూ ఉన్నారు. లొరేనా ఓచోవా ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగానే 2010లో 28 ఏళ్లకు ఆట చాలించి కుటుంబంతో గడపడానికి ఇంటికి వెళ్లిపోయింది. షెఫ్లర్ గెలిచిన ఆ డాలస్ టోర్నమెంటుకు ఎవరి పేరు పెట్టారో ఆ బైరన్ నెల్సన్ 1945లో ఒకే ఏడాది 18 టోర్నమెంట్లు, అందులో వరసగా 11 గెలిచి, మరుసటి ఏడే 34 ఏళ్లకు పూర్తిస్థాయి ఆట మానేశాడు. టెక్సస్‌లో పశువులు మేపుకునే పొలం కొనుక్కోవాలన్నది ఆయన కోరిక. గెలిచిన డబ్బుతో అది కొన్నాడు, అక్కడే బతికాడు. మంచి ఎడ్లను పిల్లల్లా సాకే మన జిల్లావాళ్లకు ఆయన మనసు అర్థమవుతుంది. ఆట ఎందుకు ఆడుతున్నాడో ఆయనకు తెలుసు కనుక ఎప్పుడు ఆపాలో కూడా తెలిసింది.

మీ అబ్బాయి వయసువాడి ఉదాహరణ మరొకటి చెబుతాను. అమెరికా ఆటగాడు మాథ్యూ వుల్ఫ్ 21 ఏళ్లకే 2020 యూఎస్ ఓపెన్‌లో రెండో స్థానం సాధించాడు. మరుసటి ఏడాది తన మనసు బాగా లేదని గుర్తించి దాదాపు రెండు నెలలు ఆట పక్కన పెట్టాడు. తిరిగి వచ్చి ఆ సంగతి దాచుకోకుండా చెప్పాడు. ఒకప్పుడైతే అలా చెప్పడం పిరికితనం కింద లెక్కకట్టేవారు.

ఇప్పుడు సంక్రాంతి రాత్రి మీరు చూసిన దృశ్యానికి వస్తాను. పాలిష్ పట్టిన గ్రానైట్ మీద బంతి పోయే తీరుకూ, గడ్డి కోసిన గ్రీన్ మీద పోయే తీరుకూ పొంతన ఉండదు. ఆ సంగతి పదేళ్లుగా ఆడుతున్న మీ అబ్బాయికి మీకన్నా నాకన్నా బాగా తెలుసు. తెలిసి కూడా రాత్రి రెండు గంటలకు అదే పని చేస్తున్నాడంటే ఆట మెరుగుపడాలని చేస్తున్నట్టు లేదు. చేతులు ఊరుకుంటే ఆలోచనలు ముసురుకుంటాయి కనుక చేతులకు పని పెట్టుకుంటున్నాడని నా అంచనా. చిన్న పట్ కొట్టేటప్పుడు చెయ్యి తన ప్రమేయం లేకుండా ఉలిక్కిపడినట్టు కదులుతోందా అని ఎప్పుడైనా నెమ్మదిగా అడగండి. గోల్ఫ్‌లో దాన్ని యిప్స్ అంటారు. కొందరిలో అది ఆందోళన వల్ల వస్తుంది, కొందరిలో ఒకే కదలికను లక్షలసార్లు చేయడం వల్ల నాడుల పనితీరులో వచ్చే తేడా వల్ల కూడా వస్తుంది. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌ను అది పదే పదే పట్టి పీడించింది. పటర్ (పట్ కొట్టే కర్ర) పట్టుకునే తీరు మార్చుకుంటూ, దానితో వేగుతూనే రెండుసార్లు మాస్టర్స్ గెలిచాడు. 1991 రైడర్ కప్‌లో చివరి హోల్‌లో దాదాపు ఆరడుగుల పట్ ఆయన తప్పడంతో యూరప్ జట్టుకు కప్పు పోయింది. సరిగ్గా మరుసటి వారం స్వదేశంలో జరిగిన టోర్నమెంటును ప్లేఆఫ్‌లో గెలిచాడు. కాబట్టి అలాంటిది ఉన్నా ఆట ముగిసిపోయినట్టు కాదని మీ అబ్బాయికి ధైర్యంగా చెప్పవచ్చు.

నిద్రలేమి విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, గెలిచినా సంతోషం తెలియకపోవడం, ఇదంతా దేనికన్న మాట పదే పదే రావడం, ఇవి రెండు వారాలకు మించి కొనసాగితే మానసిక వైద్యుణ్ణి కలవాలి. ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఊళ్లో ఎవరైనా చూస్తారన్న బెరుకు ఉంటే బెంగళూరులోనే చూపించుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ సేవ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మీ అబ్బాయే చేయాలని లేదు, ఎలా మాట్లాడాలో తెలుసుకోవడానికి మీరు కూడా చేయవచ్చు. బతకాలని లేదన్న మాట, దానికి దగ్గరగా ఉన్న మాట ఏదైనా అతని నోట వస్తే టోర్నమెంటు, ఖర్చు, పరువు అన్నీ పక్కన పెట్టి, అతన్ని ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లండి.

వైద్యుడికి మరో సంగతి తప్పకుండా చెప్పాలి. వణుకు, గుండెదడ తగ్గడానికి సాధారణంగా రాసే ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు గోల్ఫ్ పోటీల సమయంలో నిషిద్ధం. చేతి వణుకును తగ్గించి అదనపు లాభం ఇస్తాయని డోపింగ్ నిబంధనల్లో వాటిని చేర్చారు. మా అబ్బాయి పోటీల్లో ఆడే గోల్ఫర్ అని చెప్పకపోతే, మంచి ఉద్దేశంతో రాసిన మందే అతన్ని చిక్కుల్లో పడేయవచ్చు. తెలిసినవారు ఇచ్చారని ఏ మాత్రా వేసుకోవద్దనండి. అవసరమైన మందుకు ముందుగా అనుమతి కోరే పద్ధతి కూడా ఉంది.

ఇప్పుడు మీవారి గురించి. ఆయన ప్రేమలో నాకు ఎలాంటి సందేహమూ లేదు. అబ్బాయిని పన్నెండేళ్లకే దూరం పంపి, ఇంత ఖర్చు భరించిన తండ్రి అతని మేలు కోరకుండా ఎలా ఉంటారు? అయితే ఇలాంటి ఇళ్లలో తరచుగా జరిగేది ఒకటుంది. తండ్రి ఫ్యాక్టరీలో కూర్చుని ఫోనులో లైవ్ స్కోరు చూస్తుంటాడు, రౌండు ముగిసి కొడుకు బూట్లు విప్పకముందే ఫోను చేసి 14వ హోల్‌లో ఏమైందని అడుగుతాడు. మీ ఇంట్లో ఇదే జరుగుతుంటే మానిపించండి. ఐదు గంటల పాటు తనను తాను ప్రశ్నించుకుని వచ్చిన పిల్లవాడికి మళ్లీ మొదటి నుంచి సంజాయిషీ చెప్పుకునే ఓపిక ఉండదు. ఆట గురించి ప్రశ్నించడానికి కోచ్ ఉన్నాడు. టోర్నమెంటు జరిగే నాలుగు రోజులూ ఇంటి నుంచి వెళ్లే ఫోనులో స్కోరు ప్రస్తావన ఉండకూడదని ముగ్గురూ కూర్చుని ఒప్పందం చేసుకోండి. ఏం తిన్నాడో అడగండి, మామయ్య ఇంటి కబుర్లు అడగండి, అతను ఏమీ మాట్లాడకపోతే మీరే ఊరి సంగతులు చెప్పండి. తానే ఆట ఎత్తితే వినండి, సలహా చెప్పవద్దు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో "ఎంత వచ్చింది, టీవీలో ఎప్పుడు కనిపిస్తాడు" అని అడిగే చుట్టాలకు అతని తరఫున మీరే సమాధానం చెప్పి పంపించండి.

పొలం సంగతి దీనికన్నా కష్టమైనది. ఆ రెండెకరాలు మీ పుట్టింటి గుర్తు, దాన్ని అమ్ముకున్న బాధ మీకు లేదని నేను అనను. కాని ఆ అమ్మకం పెద్దవాళ్లుగా మీరిద్దరూ తీసుకున్న నిర్ణయం. దాన్ని అతను తీర్చవలసిన బాకీగా చూడటం లేదని మీరు నోరు తెరిచి, మీవారు పక్కనుండగా, అతనికి చెప్పాలి. మనసులో అనుకుంటే సరిపోదు, పిల్లలకు తల్లిదండ్రుల మౌనం లెక్కలు అడుగుతున్నట్టే వినిపిస్తుంది. ఆ తరువాత ముందుకు ఎంత ఖర్చు పెట్టగలరో తేల్చుకోండి. ఇక రెండు సీజన్లకు ఇంత అని ఒక మొత్తం అనుకుని, కాగితం మీద రాసి, దానికి మించి అప్పు చేయకూడదని నిశ్చయించుకోండి. గ్రానైట్ వ్యాపారంలో రాబడి ఏటా ఒకేలా ఉండదని మీవారికి వేరే చెప్పనక్కర్లేదు. హద్దు ఉంటే తల్లిదండ్రులకు రాత్రి నిద్ర పడుతుంది, ప్రతి పట్ మీదా ఇల్లు ఆధారపడి లేదని పిల్లవాడికీ తెలుస్తుంది.

ఆపాలా, ఆడనివ్వాలా అన్నది మీరు తేల్చవలసిన విషయం కాదని నా అభిప్రాయం. 22 ఏళ్లవాడు, పదేళ్లు ఇచ్చిన పనిని వదలాలో వద్దో తానే నిర్ణయించుకోవాలి. మీరు ఆపిస్తే జీవితమంతా ఆ లోటు మీ ఖాతాలో రాసుకుంటాడు, మీరు నెడితే ప్రతి ఓటమీ మీదే అవుతుంది. అయితే ఇప్పుడున్న మనఃస్థితిలో, నిద్ర లేని రాత్రుల మధ్య, ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ముందు వైద్యుణ్ణి కలవాలి, అవసరమైతే ఒకటి రెండు టోర్నమెంట్లు వదిలేయాలి. క్రీడాకారులతో పనిచేసే మనస్తత్వ నిపుణులు బెంగళూరులో ఉన్నారు, కోచ్ ద్వారా విచారిస్తే తెలుస్తుంది. కాస్త తేరుకున్నాక అతన్ని ఒక్క ప్రశ్న అడగండి: ర్యాంకు, డబ్బు, నాన్న ఆశ ఇవేవీ లేకపోయినా పొద్దున్నే లేచి మైదానానికి వెళ్లాలనిపిస్తుందా? జవాబు కోసం తొందరపెట్టవద్దు. అవునంటే, రాసుకున్న ఆ రెండు సీజన్లూ మనసు పెట్టి ఆడనివ్వండి. కాదంటే, ఆ మాట చెప్పే ధైర్యం వచ్చినందుకు అతన్ని దగ్గరికి తీసుకోండి.

చదువు మధ్యలో ఆగి ఉంటే దూరవిద్యలోనైనా డిగ్రీ పూర్తి చేయించండి, అది ఆటకు అడ్డు కాదు. టూర్ ఆడకపోయినా గోల్ఫ్‌లో బతుకుతెరువు ఉంది. ఇండియన్ గోల్ఫ్ యూనియన్ ఆధ్వర్యంలోని నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా కోచ్‌లకు శిక్షణ ఇచ్చి ధ్రువపత్రాలు ఇస్తుంది, ప్రొఫెషనల్‌గా ఆడిన అనుభవం అక్కడ పనికివస్తుంది. మైదానాల నిర్వహణలోనూ ఉద్యోగాలున్నాయి. ఈ దారుల గురించి మీవారు తానుగా వాకబు చేసి, ఓడిపోతే ఏం చేయాలన్న ధోరణిలో కాకుండా, ఇవి కూడా ఉన్నాయి నాయనా అని అబ్బాయితో మాట్లాడితే బాగుంటుంది. ఆ మాట మీ నోట కన్నా ఆయన నోట వస్తేనే మీ అబ్బాయి ఎక్కువగా నమ్ముతాడు.